పదీ ఇరవై ఐదు

ఆరువందల పద్నాలుగో నంబరు గదిలో, తప్పిపోయిన మనిషి పడుకున్న మంచం మీదే హెడ్డుగారు రెండు రాత్రులు గడిపారు. వేరే గది ఇమ్మంటారా అని హోటలువాళ్ళు అడిగితే వద్దన్నారు. మనిషిని వెతకాలంటే ముందు ఆ మనిషి చూసిన గోడని చూడాలన్నది ఆవిడ పాత అలవాటు. ఈ గదిలో ఉన్నది ఒకే కిటికీ. తెర తీస్తే అవతల ఇంకో గోడ.

ఇరవై ఆరేళ్ళు పోలీసు స్టేషనులో పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా బయటికొచ్చి, దర్జీ షాపు పైన రెండు గదుల్లో డిటెక్టివ్ ఆఫీసు తెరిచారావిడ. యూనిఫాం పోయినా పిలుపు పోలేదు. దేశం దాటడం మాత్రం ఇదే మొదలు. దిగి రెండు రోజులైంది. ఈ మహానగరంలో ఆవిడతో మాట్లాడినవాళ్ళలో చాలామంది ఫోనులోని తర్జుమా గొంతుతోనే మాట్లాడారు. ఆ గొంతుకి జలుబు చేయదు, దానికి విసుగు రాదు, తిన్నారా అని అది అడగదు. నిన్న లిఫ్టులో ఎవరూ లేనప్పుడు "ఆరో అంతస్తు నాయనా" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని సిగ్గుపడ్డారు.

తప్పిపోయింది ఒక భూగోళం టీచరు. వయసు అరవై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకి సముద్రాలూ నదులూ పాఠం చెప్పిందే గానీ, సముద్రం దాటి ఎరగదు. రిటైరయ్యాక ఇరవై నలుగురి టూరులో చేరి, తనకి విడిగా ఒక గది అడిగి తీసుకుని వచ్చింది. బస్సు చూపించేవి చూస్తూనే, రోజూ తెల్లవారగానే ఒక్కతే ఊళ్ళో నడవడం మొదలుపెట్టింది. నాలుగో రోజు, మంగళవారం ఉదయం, అయిదూ యాభైకి హోటలు గుమ్మం దాటినట్టు కెమెరాలో ఉంది. తిరిగొచ్చినట్టు లేదు. ఎనిమిదికి కదలాల్సిన బస్సు తొమ్మిదిదాకా ఆగి వెళ్ళిపోయింది. ఇవాళ శనివారం.

కేసు అప్పగించింది టీచరు చెల్లెలు. ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ఫోటో ఇచ్చి, ఒకే మాట చెప్పింది. "మా అక్క రైలుకి రెండు గంటల ముందే స్టేషనుకెళ్ళి కూర్చుంటుందండీ. ఇరవై ముగ్గుర్ని బస్సులో కూర్చోబెట్టి పారిపోయే మనిషి కాదు."

పారిపోయిందనే అందరూ అంటున్నారు మరి. అందరికంటే ముందు అన్నది ఎస్సైగారు.

ఎస్సైగారు ఇప్పుడు ఎస్సై కారు. ఉద్యోగం వదిలి ఈ టూరు కంపెనీలోనే భద్రతాధికారిగా చేరారు. హెడ్డుగారికంటే పదేళ్ళు చిన్న. ఆయన కింద ఆవిడ ఆరేళ్ళు పనిచేశారు. ఒకప్పుడు బస్టాండులో తప్పిపోయిన పసిపిల్లని మూడు రోజులు తిండి మాని వెతికి పట్టుకున్నది హెడ్డుగారు, పతకం పుచ్చుకున్నది ఎస్సైగారు. పేపర్లో పడిన ఆ ఫోటోలో ఆవిడ మోచెయ్యి ఒక్కటే కనిపిస్తుంది.

శనివారం మధ్యాహ్నం హోటలు టిఫిను హాల్లో, ఖాళీ బల్ల దగ్గర, ఆయన తన తీర్పు వినిపించారు. టీచరు పాస్‌పోర్టుని గైడు సోమవారం సాయంత్రమే తిరిగి ఇచ్చేశాడట, ఆవిడే అడిగి పుచ్చుకుందట. గదిలో పాస్‌పోర్టూ లేదు, భుజాన వేసుకునే సంచీ లేదు. బల్లమీద ఒక నోటుపుస్తకం మాత్రం ఉంది. బుధవారం తను వచ్చి గది తెరిపించినప్పుడు దొరికింది. గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, మీద పేరూ ఊరూ రాసిన బడిపిల్లల నోటుపుస్తకం. అందులో ఆఖరి పేజీ మంగళవారానిది.

ఎస్సైగారు ఆ పేజీ తెరిచి వేలు పెట్టి చూపించారు. "9.20 హోటలు. 9.40 రొట్టెల దుకాణం, షట్టరు తీశారు. 10.05 వంతెన. 10.25 నది మెట్లు."

"బస్సు తొమ్మిదికి వెళ్ళింది," అన్నారాయన. "తొమ్మిదీ ఇరవైకి ఈవిడ హోటలు దగ్గరుంది. ఎక్కడో దాక్కుని, బస్సు వెళ్ళాక వచ్చింది. పదీ ఇరవై ఐదుకి నది ఒడ్డున షికారు చేసింది. తర్వాత వెనక మెట్లదారిన గదికొచ్చి, పుస్తకం పడేసి, పాస్‌పోర్టు తీసుకుని జారుకుంది. వెనక మెట్లకి కెమెరా లేదు. ఈ దేశంలో ఉండిపోదామని వచ్చేవాళ్ళని ఏడాదికి పదిమందిని చూస్తున్నాను హెడ్డుగారూ."

"ఈ పుస్తకం ఇంకెవరైనా చూశారా సార్?" అలవాటు చొప్పున సార్ అనే వచ్చింది నోట్లోంచి.

"దొరికినప్పటినుంచీ నా పెట్టెలోనే ఉంది. నా తర్వాత మీరే." ఆయన వాచీ చూసుకున్నారు. "రేపు పదింటికి నా విమానం. స్వచ్ఛందంగా తప్పుకుంది అని రాసిచ్చేస్తున్నాను. పోలీసులు ఎలాగూ ఆవిణ్ణి పారిపోయినవాళ్ళ జాబితాలో వేశారు. చెల్లెలి తృప్తి కోసం కావాలంటే ఇవాళ్టికి పుస్తకం మీ దగ్గరుంచుకోండి."

హెడ్డుగారు పుస్తకం పుచ్చుకుని లేచారు.

ఆరో అంతస్తులో గదులు శుభ్రం చేసే పనామె తోపుడుబండి పక్కన నేలమీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది. హెడ్డుగారూ నేలమీదే చతికిలబడ్డారు. ఇద్దరి మధ్యా ఫోను. మంగళవారం ఈ గది ఎన్నింటికి తుడిచావని అడిగారు. పనామె జేబులోంచి కాగితం తీసింది. ఏ గది ఎన్నింటికి అయిందో సంతకంతో సహా రాయాలట. ఆరువందల పద్నాలుగు, తొమ్మిదీ ముప్ఫై. బల్ల తుడిచావా అని అడిగితే తుడిచానంది. బల్లమీద ఏముంది అంటే రెండు చేతులతో చిన్న పలకంత కొలత చూపించి, గోధుమరంగు అంది. దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టిందట.

హెడ్డుగారు గోడకి జారగిలబడ్డారు. తొమ్మిదిన్నరకి గదిలో బల్లమీదున్న పుస్తకంలో, పదీ ఇరవై ఐదుకి నది మెట్ల దగ్గర ఎవరు రాస్తారు?

పనామె ఇంకేదో అడిగింది. ఆ పెద్దావిడ మీకు అక్కా అని తర్జుమా గొంతు పలికింది. రోజూ పొద్దున్నే కారిడార్లో ఎదురైతే తన భాషలో ఏదో చెప్పి నవ్వేదట. ఏం చెప్పేదో తెలియదు గానీ పనామె కూడా నవ్వేదట. ఈ హోటల్లో పలకరించే అతిథులు తక్కువ. అక్క కాదని చెప్పడానికి హెడ్డుగారికి మనసు రాలేదు. అవునన్నారు.

గైడుని నాలుగింటికి కింద వరండాలో పట్టుకున్నారు. ముప్ఫై దాటని మనిషి, మెడలో గుర్తింపు కార్డు, మాట తేనె. వినగానే హెడ్డుగారి ప్రాణం లేచొచ్చింది. పరాయి ఊళ్ళో తెలుగు మాట అట్లాంటిది, దొంగ నోట విన్నా తీయగానే ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడట. గుంపులో అందరి పాస్‌పోర్టులూ భద్రంగా తన దగ్గరే ఉంటాయట, ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాడట. గదుల మారు తాళాలు కూడా తన దగ్గరే ఉంటాయి గానీ టీచరుగారి గది గడప తొక్కలేదట. ఆవిడ కనపడకుండా పోయాక తనకి తిండి సయించడం లేదట.

హెడ్డుగారు వింటూ రాసుకుంటున్నారు. ఆవిడ అంతగా తలూపడం చూసి అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

"నామీద అనుమానమైతే అడగండమ్మా, తప్పులేదు. మంగళవారం తొమ్మిది నుంచీ నేను బస్సులోనే ఉన్నాను. పదీ ఇరవై ఐదుకి మ్యూజియం గేటు దగ్గర ఇరవై ముగ్గుర్నీ లెక్కపెట్టి లోపలికి పంపాను. టిక్కెట్ల మీద టైముంటుంది, చూసుకోండి."

హెడ్డుగారు తలెత్తలేదు. పదీ ఇరవై ఐదు అని రాసి కింద గీత గీశారు. ఆ టైము సంగతి ఆవిడ ఎత్తలేదు. పుస్తకం ఎస్సైగారి పెట్టె దాటి రాలేదు. చదవనివాడికి ఆ అంకె ఎలా తెలిసింది?

ఆ క్షణమే పైకెళ్ళి ఎస్సైగారికి చెప్పవలసింది. మెట్లదాకా వెళ్ళి ఆగిపోయారు. చెప్తే ఆయన నవ్వుతారు, కాకపోతే రాసుకుని రేపు తన రిపోర్టులో పెట్టుకుంటారు. ఈసారి మొత్తం పేక చేతిలో పడ్డాకే దించాలనిపించింది. ఆయన ముఖం ఎలా మారుతుందో దగ్గరుండి చూడాలనిపించింది. పదేళ్ళ కిందటి మోచెయ్యి ఆవిడ చేత ఆ పని చేయించింది.

సాయంత్రం గదిలో, ఉడికించిన గుడ్డూ రొట్టే ముందు పెట్టుకుని, పుస్తకం మొదటినుంచీ చదివారు. ముందు సగం బయల్దేరకముందు రాసుకున్న సంగతులు: ఊరి అక్షాంశం, వానల లెక్క, నది పొడవు. తర్వాత నడకలు. టీచరు అక్షరాలు ముత్యాలు. రెండోరోజు కింద ఇలా ఉంది: "ఇంత పెద్ద ఊళ్ళో నన్ను ఎరిగినవాడు ఒక్కడు లేడు. భయం వేస్తుందనుకున్నాను. వేయలేదు. కాని ఒక మంచి వస్తువు కనపడినప్పుడల్లా పక్కకి తిరిగి, చూశావా అనబోతున్నాను. పక్కన ఎవరూ ఉండరు."

హెడ్డుగారు గుడ్డు పక్కన పెట్టేశారు. తన భర్త పోయి నాలుగేళ్ళు. ఇవాళ పొద్దున్న వంతెన కింద పడవ చూసి తనూ అలాగే పక్కకి తిరిగారు.

మూడోరోజు పేజీలో ఆవిడకి ఇంకొకటి తట్టింది. పదీ పదికి పూలతోటలో బెంచీ మీద కూర్చున్నట్టు రాసింది టీచరు. టూరు కాగితం ప్రకారం ఆ రోజు పదింటికి గుంపంతా బస్సులో ఉంది. ఆ రోజు ఎవరూ తప్పిపోలేదు మరి. చెల్లెలికి ఫోను చేసి, మీ అక్క వాచీ ఎలాంటిదని అడిగారు.

"ముల్లు తిప్పనందండీ," అంది చెల్లెలు. "విమానాశ్రయంలోనే చెప్పాను, అక్కడి టైముకి మార్చుకోవే అని. అక్కడి టైము ప్రతి గోడమీదా ఉంటుంది, మనింటి టైము ఎక్కడుంటుందే అంది."

ఇక్కడికీ మనింటికీ మూడున్నర గంటల తేడా. హెడ్డుగారు వేళ్ళ మీద తీసేశారు. తొమ్మిదీ ఇరవై అంటే అయిదూ యాభై. కెమెరాలో ఉన్న టైము సరిగ్గా అదే. పదీ ఇరవై ఐదు అంటే ఆరూ యాభై ఐదు.

పుస్తకం మూయబోతుంటే ముందు సగంలోంచి ఒక కాగితం ఊడి ఒళ్ళో పడింది. బడి నోటుపుస్తకం మధ్యలో కుట్టు ఉంటుంది. వెనక కాగితం చింపితే దాని జోడు ముందు వదులైపోతుంది. ఆఖరి పేజీ తర్వాతి కాగితాన్ని ఎవరో చింపేశారు. ఎస్సైగారికి ఫోను చేసి, రేపు పొద్దున్న ఆరూ యాభై ఐదుకి నది మెట్ల దగ్గరికి వస్తేనే పుస్తకం తిరిగిస్తానన్నారు. ఆయన విసుక్కుని, విమానాశ్రయానికి దారే కదా అని ఒప్పుకున్నారు.

ఆదివారం ఉదయం అయిదూ యాభైకి హెడ్డుగారు గుమ్మం దాటారు. వీధిలో ఆవిడ చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. టీచరు వేగం ఎంతో తెలియదు గనక, పేజీలో ఉన్న టైములకి అందేలా నడిచారు. రొట్టెల దుకాణం ముందుకొచ్చేసరికి ఆరూ తొమ్మిది. ఒక నిమిషం నిలబడ్డారు. గొలుసు గలగలమంది, షట్టరు లేచింది. దుకాణదారుకి ఫోను చూపించి, తొమ్మిదీ నలభైకి ఎప్పుడైనా షట్టరు తీస్తారా అని అడిగితే అతను నవ్వాడు. ఆ వేళకి తన మొదటి వాయి అమ్ముడైపోయి ఉంటుందట. పదకొండేళ్ళుగా ఆరూ పదేనట. ఒక వేడి రొట్టె కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. ఈ ఊళ్ళో ఆవిడ చేతికి అడగకుండా అందిన మొదటి వస్తువు అది.

ఆరూ ముప్ఫై అయిదుకి వంతెన. ఆరూ యాభై మూడుకి నది మెట్లు.

పద్దెనిమిది మెట్లు, రాతివి, నాచు పట్టినవి. పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది. పై మెట్టుకి ఎదురుగా రోడ్డు, రోడ్డవతల మూడు దుకాణాలు. రెండు మూసి ఉన్నాయి. మూడోది ఫోటోలు తీసే దుకాణం, షట్టరు మోకాలెత్తు లేపి ఉంది, కింద దీపం వెలుతురు. ఇక్కణ్ణించి హోటలుకి అడ్డదారిన నలభై నిమిషాలు. ఏడున్నర దాటి అయిదు నిమిషాలకల్లా చేరుకునేది టీచరు. బస్సుకి ఇంకా ఇరవై అయిదు నిమిషాల వ్యవధి. రైలుకి రెండు గంటల ముందు వెళ్ళే మనిషి లెక్క ఎక్కడా తప్పలేదు.

ఎస్సైగారు టాక్సీలో వచ్చారు. పెట్టె టాక్సీలోనే ఉంచి, టై సర్దుకుంటూ దిగారు. హెడ్డుగారు వాచీ సంగతీ షట్టరు సంగతీ చెప్పి, ఊడిన కాగితం చూపించారు.

"పనామె పొరపాటు పడి ఉండొచ్చు, కాగితం దానంతటదే ఊడి ఉండొచ్చు," అన్నారాయన. "వాచీ ఒక్కటే మిగిలింది. వాచీ మీద కేసు కట్టలేం."

"ఆఖరి పేజీ చదివి కేసు మూసేయచ్చా?"

"మీరు నాతో ఇలా మాట్లాడేవారు కాదు."

"అప్పుడు జీతం తీసుకునేదాన్ని."

కింది మెట్ల దగ్గర నారింజరంగు చొక్కా వేసుకున్న ముసలావిడ చీపురుతో నాచు గీకుతోంది. రోజూ ఈ వేళకి ఇక్కడుండే మనిషి ఎవరని చూడటానికే హెడ్డుగారు ఈ వేళకి వచ్చారు. మెట్లు దిగి ఫోను ముందుపెట్టారు. మంగళవారం ఇక్కడ ఏమైనా జరిగిందా?

ముసలావిడ చీపురు గోడకి ఆనించింది. జరిగిందంది. ఆ రోజు తను కాస్త ఆలస్యంగా, ఏడు దాటిన కాసేపటికి వచ్చేసరికి అడుగున ఒక ఆడమనిషి పడి ఉందట. నెరిసిన జుట్టు, నల్ల కోటు, చెవి పక్కన నెత్తురు. సంచీ లేదు, కాగితాలు లేవు. అంబులెన్సు తనే పిలిచింది. వచ్చేదాకా తల ఒళ్ళో పెట్టుకుంది. నదవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ మనిషి ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అందట. అదేమిటో ముసలావిడకి తెలియదు గానీ, అయిదు రోజులనుంచీ చెవుల్లోనే ఉందట.

"ఏం మాట?" అని అడిగారు హెడ్డుగారు.

ముసలావిడ కళ్ళు మూసుకుని, తనకి తెలియని భాషని నాలుక మీద సర్దుకుని, మెల్లగా పలికింది. "పుత్తకా. పుత్తకా."

ఎస్సైగారు పై మెట్టు మీద కదలకుండా నిలబడిపోయారు. హెడ్డుగారు సంచీలోని నోటుపుస్తకం తీసి పట్టుకున్నారు. అయిదు రోజులుగా ఆస్పత్రిలో ఉన్న మనిషిని ఎవరూ ఆస్పత్రిలో వెతకలేదు. పారిపోయినవాళ్ళ జాబితాలో పేరున్నదాన్ని ఆస్పత్రుల్లో ఎవరు వెతుకుతారు?

పైన ఎస్సైగారు ఫోను తీసి పక్కకి నడవడం ఆవిడ చూశారు. పోలీసులకేమో అనుకుని, ముసలావిడనే ఇంకా అడిగారు. ఆ ఫోటో దుకాణం ఇంత పొద్దున్నే ఎందుకు తెరిచి ఉంది? బస్సులొచ్చిన వారాల్లో అంతేనంది ముసలావిడ. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు ఒకడు ఏడుకి ముందే వస్తాడు. చిన్నచిన్న పుస్తకాల కట్ట లోపలికిచ్చి, కాసేపటికి తిరిగి పట్టుకుపోతాడు. మంగళవారం కూడా వచ్చాడు. ఆ రోజు మాత్రం తను వస్తుంటే రెండు సంచులు పట్టుకుని ఎదురుగా పరిగెత్తాడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అంటే, ఎవరూ అడగలేదంది.

ఇక మిగిలింది లేదు. ఆ కట్టలో ఉన్నవి యాత్రికుల పాస్‌పోర్టులు. ఈ దుకాణంలో వాటికి నకళ్ళు తయారవుతున్నాయి. రోడ్డవతలినుంచి టీచరు తమ గైడుని చూసింది, గుర్తుపట్టింది, ఉన్నదున్నట్టు రాసుకుంది. అతను ఆవిణ్ణి మెట్లమీంచి తోసి, సంచీ లాక్కుని, ఆ కాగితం చింపి, మిగతా పుస్తకాన్ని మారు తాళంతో గది తెరిచి బల్లమీద పెట్టాడు. పదీ ఇరవై ఐదు తనని కాపాడుతుందనుకున్నాడు. వాచీ సంగతి అతనికి తెలియదు.

హెడ్డుగారు రెండేసి మెట్లు ఎక్కారు.

"సార్, ఈ పుస్తకం గైడుకి చూపించారా?"

"ఎవరికీ చూపించలేదని చెప్పానుగా."

"నిన్న నేను అడగకుండానే పదీ ఇరవై ఐదుకి మ్యూజియం దగ్గరున్నానని చెప్పాడు."

ఆయన ముఖం మారింది. ఆవిడ చూడాలనుకున్న మార్పే అది. కాని అందులో ఆవిడ అనుకున్నది లేదు. నెత్తురు దిగిపోయిన ముఖంతో ఆయన చేతిలోని ఫోను వైపు చూసుకున్నారు.

"ఇప్పుడే అతనికే చేశాను. టీచరమ్మ దొరికింది, నదవతల పెద్దాసుపత్రిలో ఉందట, వెంటనే వెళ్ళి చూడమన్నాను. హోటలునుంచి అతనికి పది నిమిషాల దారి." ఆయన గొంతు చిన్నదైపోయింది. "ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు హెడ్డుగారూ?"

దానికి ఆవిడ దగ్గర జవాబుంది. పైకి చెప్పదగ్గది కాదు.

టాక్సీ వంతెన ఎక్కేసరికి ఏడూ ఇరవై రెండు. ముందు వరసలో వాహనాలు నిలిచిపోయి ఉన్నాయి. ఎస్సైగారు పోలీసు నంబరుకి చేసి ఫోను చెవికి పెట్టుకుని ఉన్నారు. అవతల సంగీతం మోగుతోంది, మనిషి పలకడం లేదు. పక్కనుంచి హెడ్డుగారు తన పోలీసు స్టేషను ఇంగ్లీషుతో ఆస్పత్రికి చేశారు. విచారణ బల్లనుంచి ఒక వార్డుకి, అక్కణ్ణించి ఇంకో వార్డుకి కలిపారు. చివరికి ఒక నర్సు పలికింది. ఆమె ఇంగ్లీషూ అంతంతమాత్రమే. మంగళవారం మెట్లమీద పడిన పెద్దావిడ ఉంది, నిన్నటినుంచి తెలివిలో ఉంది, ఏదో మాట్లాడుతుంది, ఎవరికీ అర్థం కాదు. కుడిచెయ్యి కట్టులో ఉంది.

ఫోను ఆవిడ చెవికి పెట్టమని హెడ్డుగారు బతిమాలారు. నర్సు వాళ్ళ భాషలో ఎవరితోనో ఏదో అంది. అడుగుల చప్పుడు, ఫోను చేతులు మారిన చప్పుడు, తర్వాత ఊపిరి.

"టీచరుగారూ," అన్నారు హెడ్డుగారు. "మీ చెల్లెలు పంపింది నన్ను. మీకోసమే వచ్చాను."

ఎండిపోయిన గొంతు పలికింది. "ఎవరు తల్లీ నువ్వు? ఏదీ, ఇంకోసారి మాట్లాడు. ఎన్నాళ్ళైందో మన మాట విని."

"వస్తున్నానమ్మా, దారిలో ఉన్నాను. మీరు ఎలా పడ్డారో గుర్తుందా?"

"లేదమ్మా. నది చూడటం గుర్తుంది. ఎంత వెడల్పనుకున్నావు? ముప్ఫై మూడేళ్ళు పిల్లలకి తప్పు చెప్పాను."

హెడ్డుగారు కళ్ళు తుడుచుకోలేదు, టైము లేదు. మాట తగ్గించి, ఒక్కొక్కటే చెప్పారు. "నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. మీ గైడు అక్కడికి వస్తాడు. అతన్ని నమ్మకండి. ఇంటికి తీసుకెళ్తానన్నా, కాగితం మీద సంతకం పెట్టమన్నా వద్దనండి. మిమ్మల్ని తోసింది అతనే. నేను వచ్చేదాకా, ఇప్పుడు ఫోను పట్టుకున్న నర్సు చెయ్యి వదలకండి."



"నర్సు ఇందాకే వెళ్ళిపోయిందమ్మా," అంది టీచరు. గొంతులో ఏ భయమూ లేదు, అయోమయం తప్ప. "ఫోను పట్టుకున్నది గైడు బాబే."

ఫోను కదిలింది. మళ్ళీ అడుగుల చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత తేనెలాంటి ఆ గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా, చెవి పక్కనే పలికింది.

"ఇంకా ఎంత దూరంలో ఉన్నారమ్మా?"